డిఎన్ఏ గుర్తింపు పరీక్షలు – శాస్త్రజ్ఞుల అర్హతలు: హైదరాబాదు అనుభవం

వ్యాససంగ్రహం: ఒక బిడ్డ ఎవరి సంతానమో, నేరస్థలంలో దొరికిన రక్తపు మరక ఎవరిదో, గుర్తుపట్టలేని దేహం ఏ ఇంటి మనిషిదో తేల్చడానికి నేటి న్యాయవ్యవస్థ డిఎన్ఏ పరీక్షను ఆశ్రయిస్తోంది. ఆ నివేదికపై సంతకం చేసే శాస్త్రజ్ఞుడికి ఏ చదువు, ఎంత శిక్షణ, ఎటువంటి అనుభవం ఉండాలో మన చట్టాలు నిర్దిష్టంగా చెప్పలేదు. భారతదేశంలో ఈ శాస్త్రం వేళ్లూనుకున్న హైదరాబాదు నగరాన్ని ఆధారంగా చేసుకుని, ఈ రంగంలో అర్హత అంటే ఏమిటో, తెలుగు సమాజపు వివాహ పద్ధతుల వల్ల ఇక్కడి శాస్త్రజ్ఞుడికి అదనంగా ఏ జ్ఞానం అవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డిఎన్ఏ గుర్తింపు, సిసిఎంబి, సిడిఎఫ్‌డి, నిపుణుల సాక్ష్యం, జనాభా జన్యుశాస్త్రం, మేనరికం, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఒక ప్రైవేటు బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద దగ్ధమైంది. 45 మంది మరణించారు. పండుగకు ఇళ్లకు బయలుదేరిన ఐటీ ఉద్యోగులు కూడా వారిలో ఉన్నారు. ముఖాలు, దుస్తులు, ఆభరణాలు ఏవీ ఆనవాలుకు మిగలని స్థితిలో బంధువుల రక్త నమూనాలే దిక్కయ్యాయి. 2025 జూన్ 30న సైబరాబాద్‌కు పొరుగున ఉన్న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగినప్పుడు అదే పరిస్థితి పునరావృతమైంది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికుల కుటుంబాలు రక్త నమూనాలు ఇచ్చి రోజుల తరబడి ఫలితాల కోసం ఎదురుచూశాయి. ఎనిమిది మందికి సంబంధించి పోల్చడానికి తగిన ఆనవాళ్లే దొరకలేదు.

ఇటువంటి సందర్భాలలో ప్రయోగశాల ఇచ్చే ఒక్క పుట నివేదికను బట్టే అంత్యక్రియలు, మరణ ధ్రువీకరణ, నష్టపరిహారం, వారసత్వం నిర్ణయమవుతాయి. నేర విచారణలోనైతే ఆ కాగితం మీద ఒక వ్యక్తి స్వేచ్ఛ, కొన్నిసార్లు ప్రాణం ఆధారపడతాయి. రోగి తనకు వైద్యం చేసే డాక్టరు పట్టాను గోడమీద చూడగలడు. న్యాయవాది పేరు బార్ కౌన్సిల్ జాబితాలో ఉంటుంది. డిఎన్ఏ నివేదికపై సంతకం చేసిన వ్యక్తి ఏ అర్హతతో చేశాడో తెలుసుకోవడానికి అటువంటి వృత్తి మండలి గాని, నమోదు పట్టిక గాని మన దేశంలో లేవు. కాబట్టి అర్హత అనే మాటను పరీక్షించి చూడవలసిన అవసరం ఉంది.

2. నగరంలో డిఎన్ఏ సంస్థలు

హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అంతకు దశాబ్దం ముందే ఈ నగరం డిఎన్ఏ శాస్త్రానికి చిరునామాగా మారింది. హబ్సిగూడలోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ (సిసిఎంబి) 1980ల చివరలో దేశీయ డిఎన్ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించింది. ఆ కృషి నుంచి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఆధ్వర్యంలో సెంటర్ ఫర్ డిఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ (సిడిఎఫ్‌డి) అనే ప్రత్యేక సంస్థ 1996లో ఏర్పడింది. అది నేడు ఉప్పల్‌లో ఉంది. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల, రెడ్‌హిల్స్‌లో తెలంగాణ రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల పనిచేస్తున్నాయి. వన్యప్రాణుల మాంసం, చర్మం, ఎముక ఏ జాతివో డిఎన్ఏ ద్వారా గుర్తించే పనిని అత్తాపూర్ సమీపంలోని సిసిఎంబి అనుబంధ కేంద్రం లాకోన్స్ చేస్తుంది.

ఈ సంస్థలన్నిటిలోనూ జరిగేది డిఎన్ఏ విశ్లేషణే అయినా పని స్వభావం ఒకటి కాదు. వ్యాధి నిర్ధారణకు జన్యువును చదివే శాస్త్రజ్ఞుడు రోగి ఎవరో తెలిసే పని ప్రారంభిస్తాడు. గుర్తింపు పరీక్ష చేసేవాడు ఎవరిదో తెలియని నమూనాతో మొదలుపెడతాడు. వైద్యుడు కావాలంటే మరోసారి రక్తం తీయించగలడు. నేరస్థలంలోని మరక ఒక్కసారి ఖర్చయితే తిరిగి రాదు. ఐటీ కారిడార్‌లో నేడు విస్తరిస్తున్న వ్యక్తిగత జన్యు విశ్లేషణ, సంతాన సాఫల్య రంగాలలో పనిచేసినవారికి చక్కని ప్రయోగశాల నైపుణ్యం ఉండవచ్చు. అయితే ఆ నైపుణ్యం ఒక్కటే వారిని గుర్తింపు పరీక్షల నిపుణులుగా చేయదు.

3. తొలితరం నిపుణులు: పట్టాకు అతీతమైన అర్హత

ఈ రంగానికి పునాది వేసినవారికి ఫోరెన్సిక్ శాస్త్రంలో పట్టాలు లేవన్నది గమనించదగిన విషయం. 1984 సెప్టెంబరులో బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో డిఎన్ఏ వేలిముద్రలను కనుగొన్న అలెక్ జెఫ్రీస్ జన్యుశాస్త్ర పరిశోధకుడు. 1985లో ఆయన పద్ధతి మొదట వినియోగమైంది ఒక వలస కుటుంబపు పిల్లవాడి వివాదంలోనే. హత్య కేసుల విచారణ ఆ తరువాత వచ్చింది.

హైదరాబాదులో ఈ శాస్త్రానికి ఆద్యుడైన లాల్జీ సింగ్ (1947–2017) బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై పరిశోధించి డాక్టరేటు పొందారు. కట్లపాము జాతికి చెందిన ఒక పాములో ఆడ లింగ క్రోమోజోముపై పునరావృతమయ్యే డిఎన్ఏ వరుసలను ఎడిన్‌బరోలో అధ్యయనం చేశారు. అవే మానవ డిఎన్ఏలోనూ వ్యక్తికీ వ్యక్తికీ మధ్య భేదాన్ని చూపగలవని సిసిఎంబిలో నిరూపించి, వాటినే గుర్తింపు పరీక్షకు సాధనంగా మలిచారు. 1980ల చివరలో కేరళలోని తలశ్శేరి న్యాయస్థానం ముందుకు వచ్చిన పితృత్వ వివాదంలో సిసిఎంబి నివేదిక సాక్ష్యంగా నిలిచింది. 1991లో కేరళ హైకోర్టు దానిని సమర్థించింది. రాజీవ్ గాంధీ హత్య దర్యాప్తులోనూ, తమిళనాడులోని ప్రేమానంద కేసులోనూ హైదరాబాదు శాస్త్రజ్ఞుల పరీక్షలు కీలకమయ్యాయి. ప్రేమానంద కేసులో నిందితుల పక్షాన బ్రిటన్ నుంచి వచ్చిన నిపుణుడు సిసిఎంబి పనిని ప్రశ్నించాడు. న్యాయస్థానం ఇరుపక్షాల శాస్త్రజ్ఞులనూ విని సిసిఎంబి ఫలితాన్నే స్వీకరించింది. 2005లో సుప్రీంకోర్టు ఆ శిక్షలను ఖరారు చేసింది.

ఈ చరిత్ర నుంచి రెండు భిన్నమైన పాఠాలు తీయవచ్చు. పట్టా పేరుకన్నా జన్యుశాస్త్రంలో లోతైన పట్టు ముఖ్యం అనేది మొదటిది. తొలితరం వారు తామే పద్ధతిని సృష్టించారు గనుక దాని బలహీనతలు వారికి తెలుసు, తయారైన కిట్లతో పనిచేసే తరువాతి తరానికి ఆ అవగాహనను శిక్షణ ద్వారానే కల్పించాలి అనేది రెండవది. మొదటి పాఠాన్ని మాత్రమే గుర్తుంచుకుంటే, జీవశాస్త్రం చదివినవారంతా ఈ పనికి అర్హులే అనే పొరపాటుకు దారితీస్తుంది.

4. పరీక్షలోని దశలు, ఒక్కో దశ కోరే సామర్థ్యం

నేటి పద్ధతి ఎస్‌టిఆర్ అనబడే చిన్న పునరావృత వరుసలపై ఆధారపడింది. మానవులందరి డిఎన్ఏ దాదాపు 99.9 శాతం ఒకటే. మిగిలిన స్వల్పభాగంలో నాలుగైదు అక్షరాల వరుస ఒకరిలో ఏడుసార్లు, మరొకరిలో పదకొండుసార్లు పునరావృతం కావచ్చు. అటువంటి స్థానాలను పదిహేను, ఇరవై ఎంచుకుని, ఒక్కో స్థానంలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చిన యుగ్మవికల్పాలను నమోదు చేస్తారు. అమెరికా తన జాతీయ డేటాబేస్‌కు మొదట 13 స్థానాలను వాడి, 2017 జనవరి నుంచి 20కి పెంచింది.

ఈ పనిలో ఐదు దశలున్నాయి. నమూనాను స్వీకరించి, ముద్రలు సరిచూసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో నమోదు చేయడం మొదటిది. ఇక్కడ కావలసింది క్రమశిక్షణ. మరక నుంచి డిఎన్ఏను వేరుచేసి దాని పరిమాణం కొలవడం రెండవది. ఇక్కడ జీవరసాయన శాస్త్ర జ్ఞానం అవసరం. పిసిఆర్ ద్వారా ఎంచుకున్న స్థానాలను కోట్ల ప్రతులుగా పెంచి, కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్‌తో పొడవును కొలవడం మూడవది. తెరపై కనిపించే శిఖరాలను చదవడం నాలుగవది. ఏది నిజమైన యుగ్మవికల్పం, ఏది యంత్రం చేసిన చప్పుడు, ఏది పిసిఆర్ వల్ల పుట్టిన నీడ, రెండు శిఖరాలలో ఒకటి డిఎన్ఏ చాలక రాలిపోయిందా అన్నవి ఇక్కడ తేలాలి. జతకూడిన ఫలితం ఎంత అరుదైనదో లెక్కించి చెప్పడం ఐదవది.

మొదటి మూడు దశలను శ్రద్ధగల సాంకేతిక ఉద్యోగి నిర్వహించగలడు. నాలుగు, ఐదు దశలలో తీర్పు చెప్పవలసి ఉంటుంది. ఒకే మనిషి నుంచి వచ్చిన పుష్కలమైన రక్తం విషయంలో ఇద్దరు విశ్లేషకుల మధ్య భేదాభిప్రాయం అరుదు. ముగ్గురి స్పర్శ కలిసిన తలుపు గడియ మీది మిశ్రమం విషయంలో భేదం సహజం. కాబట్టి విశ్లేషకుడి అర్హతను కొలవవలసింది సులభమైన నమూనాతో కాదు, కష్టమైన నమూనాతో.

5. భారతీయ చట్టాలలో నిపుణుడు

1872 నాటి సాక్ష్య చట్టంలోని 45వ సెక్షను, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 39వ సెక్షను నిపుణుడిని ఒకే రీతిగా నిర్వచించాయి. ఆ విషయంలో ప్రత్యేక నైపుణ్యం కలవాడే నిపుణుడు. ఏ పట్టా, ఎన్నేళ్ల అనుభవం అనే షరతులు అందులో లేవు. ఆ నైపుణ్యం ఉందో లేదో తేల్చే బాధ్యత న్యాయమూర్తిది. దానిని ప్రశ్నించే హక్కు ప్రతివాదిది.

నేర ప్రక్రియా స్మృతిలోని 293వ సెక్షను ప్రకారం కొందరు ప్రభుత్వ శాస్త్ర నిపుణుల నివేదికలను వారు స్వయంగా హాజరు కాకపోయినా సాక్ష్యంగా తీసుకోవచ్చు. నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 329వ సెక్షను ఆ స్థానంలో ఉంది. అక్కడి జాబితాలో కేంద్ర, రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలల డైరెక్టర్లు, ఉప, సహాయ డైరెక్టర్లు ఉన్నారు. అంటే చట్టం గుర్తించింది హోదాను. ఆ హోదాలో ఉన్న వ్యక్తి జన్యుశాస్త్రం చదివాడా, విషపదార్థాల రసాయనశాస్త్రం చదివాడా అన్నది ఆ సెక్షనుకు పట్టదు. నిపుణుడిని పిలిపించి ప్రశ్నించే అధికారం న్యాయస్థానానికి ఉన్నా, ఆ అధికారాన్ని ఉపయోగించాలంటే ఏమి అడగాలో ముందుగా న్యాయవాదికి తెలిసి ఉండాలి.

ఈ లోటును పూరించడానికి జరిగిన శాసన ప్రయత్నం ఫలించలేదు. డిఎన్ఏ సాంకేతికత నియంత్రణ బిల్లును లోక్‌సభ 2019 జనవరిలో ఆమోదించినా, సభ గడువు ముగియడంతో అది రద్దయింది. అదే ఏడాది జూలైలో మళ్లీ ప్రవేశపెట్టారు. స్థాయీ సంఘం 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2023 జూలైలో ప్రభుత్వం బిల్లును ఉపసంహరించుకుంది. ఆ బిల్లు వచ్చి ఉంటే ప్రయోగశాలల గుర్తింపు, నాణ్యతా ప్రమాణాలు ఒక నియంత్రణ మండలి పరిధిలోకి వచ్చేవి. వ్యక్తిగత గోప్యత, డేటాబేస్ దుర్వినియోగం గురించి దానిపై వచ్చిన అభ్యంతరాలు బలమైనవే. అయితే డేటాబేస్‌పై వివాదం ముదరడంతో, ఎవరూ పెద్దగా అభ్యంతరపెట్టని నాణ్యత, అర్హతల అంశం కూడా దానితోపాటే మూలపడింది.

ప్రస్తుతం ఈ ఖాళీని కొంతవరకు పూడుస్తున్నది ఎన్ఎబిఎల్ ఇచ్చే గుర్తింపు. ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణం ప్రకారం ప్రయోగశాల తన సిబ్బందిలో ప్రతి పనికి కావలసిన చదువు, శిక్షణ, నైపుణ్యాలను లిఖితపూర్వకంగా నిర్ణయించి, వారి సామర్థ్యాన్ని పరీక్షించి, నమోదు చేయాలి. అయితే ఆ ప్రమాణం ప్రయోగశాలను చూస్తుంది. వ్యక్తికి వృత్తి అనుమతి ఇవ్వదు.

సుప్రీంకోర్టు తీర్పులలో ఈ విషయంపై క్రమంగా వచ్చిన మార్పు గమనార్హం. సంతోష్ కుమార్ సింగ్ కేసులో (2010), నివేదిక ఇచ్చిన హైదరాబాదు నిపుణులపై ఏ ప్రతికూలతా బయటపడనప్పుడు దిగువ న్యాయస్థానం దానిని తోసిపుచ్చడం సరికాదని చెప్పింది. అనిల్ కేసులో (2014), ఫలితపు విశ్వసనీయత ప్రయోగశాలలోని నాణ్యతా నియంత్రణపై ఆధారపడుతుందని గుర్తుచేసింది. రాహుల్ కేసులో (2022), నివేదికకు ఆధారమైన పద్ధతులను నిపుణుడు నమ్మదగిన రీతిలో ప్రయోగించాడా లేదా అని కింది న్యాయస్థానాలు పరిశీలించనే లేదని తప్పుపట్టింది. 2010లో ప్రశ్న నిపుణుడు ఎవరన్నది. 2022 నాటికి ప్రశ్న ఆ నిపుణుడు ఏమి చేశాడన్నది. అర్హత అంటే గోడమీది పట్టా కాదు, ఫైలులోని పని అనే దృక్పథం ఈ మార్పులో కనిపిస్తుంది.

6. ఇతర దేశాల ప్రమాణాలు

అమెరికాలో 1998 నుంచి అమలులో ఉన్న ఎఫ్‌బీఐ నాణ్యతా ప్రమాణాలు ఈ విషయంలో స్పష్టమైనవి. విశ్లేషకుడికి జీవశాస్త్రం, రసాయనశాస్త్రం లేదా ఫోరెన్సిక్ సంబంధిత శాస్త్రంలో పట్టభద్రత ఉండాలి. జీవరసాయన శాస్త్రం, జన్యుశాస్త్రం, అణుజీవశాస్త్రం విడివిడిగా చదివి ఉండాలి. గణాంకశాస్త్రం లేదా జనాభా జన్యుశాస్త్రంలో చదువు గాని, శిక్షణ గాని పొంది ఉండాలి. మానవ డిఎన్ఏ ఫోరెన్సిక్ ప్రయోగశాలలో కనీసం ఆరు నెలల అనుభవం కావాలి. సాంకేతిక నాయకుడికి స్నాతకోత్తర పట్టా, మూడేళ్ల అనుభవం తప్పనిసరి. ప్రతి విశ్లేషకుడూ ఏడాదికి రెండుసార్లు బయటి సంస్థ పంపే నమూనాలతో నైపుణ్య పరీక్ష ఎదుర్కోవాలి. పరీక్ష తప్పితే కేసుల పని ఆపి, లోపం సరిదిద్దుకోవాలి. బ్రిటన్ 2021లో చేసిన చట్టం ద్వారా ఫోరెన్సిక్ సైన్స్ నియంత్రణాధికారికి శాసన బలం ఇచ్చింది. ఆ అధికారి జారీచేసిన నియమావళి 2023 అక్టోబరులో అమలులోకి వచ్చింది.

ప్రమాణాలు కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలవని అమెరికాలోని హ్యూస్టన్ నగరం నేర్పింది. ఆ నగర పోలీసు ప్రయోగశాలలోని డిఎన్ఏ విభాగాన్ని 2002 చివరలో మూసివేయవలసి వచ్చింది. శిక్షణ లోపాలు, సాంకేతిక నాయకత్వ లోపం, గణాంకాలను తప్పుగా చెప్పడం తనిఖీలో బయటపడ్డాయి. 16 ఏళ్ల వయసులో అరెస్టయి 25 ఏళ్ల శిక్ష పడిన ఒక యువకుడు, మిశ్రమ నమూనాను తప్పుగా వివరించిన నివేదిక కారణంగా నాలుగున్నరేళ్లు జైలులో గడిపి 2003లో విడుదలయ్యాడు. అక్కడ యంత్రాలు పనిచేశాయి. ఫలితాన్ని చదివినవారి తర్ఫీదే లోపించింది.

7. మేనరికం: తెలుగు సమాజం కోరే అదనపు అర్హత

పాశ్చాత్య ప్రమాణాలలో గణాంకశాస్త్రం చివరి షరతుగా కనిపిస్తుంది. తెలుగునాట అది మొదటి షరతు కావాలి. మేనమామను గాని, మేనమామ కొడుకును గాని, మేనత్త కొడుకును గాని పెళ్లాడే సంప్రదాయం, ఒకే కులంలో తరతరాలుగా సాగే అంతర్వివాహాలు మన సమాజపు జన్యు స్వరూపాన్ని ప్రభావితం చేశాయి. 2009లో సిసిఎంబి శాస్త్రజ్ఞుల భాగస్వామ్యంతో నేచర్ పత్రికలో వెలువడిన అధ్యయనం భారతీయ సమూహాలలో కొద్దిమంది మూలపురుషుల నుంచి విస్తరించిన లక్షణాన్ని గుర్తించింది. సిసిఎంబికి చెందిన కె. తంగరాజ్ భాగస్వామిగా 2017లో వచ్చిన మరో అధ్యయనం దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి, 81 సమూహాలలో ఈ ప్రభావం ఫిన్లాండు వాసులకన్నా తీవ్రంగా ఉందని తేల్చింది. ఆంధ్రదేశపు వైశ్యులలో శస్త్రచికిత్స సమయంలో ఇచ్చే కొన్ని కండర సడలింపు మందులను తట్టుకోలేని జన్యు లోపం అధికంగా కనిపించడానికి ఇదే కారణమని ఆ వ్యాసం ఉదాహరించింది.

దీనివల్ల గుర్తింపు పరీక్షకు కలిగే చిక్కును ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన ఒక యుగ్మవికల్పం సమాజంలో 0.1 పౌనఃపున్యంతో ఉందనుకుందాం. తండ్రిగా చెబుతున్న వ్యక్తిలో ఆ స్థానంలో రెండు వేర్వేరు యుగ్మవికల్పాలున్నాయి, వాటిలో ఒకటి ఇదే. అతడు దీనిని బిడ్డకు అందించే అవకాశం 0.5. బంధుత్వం లేని మరొక పురుషుడు అందించే అవకాశం 0.1. ఈ రెండింటి నిష్పత్తి 5.

అసలు తండ్రి ఆ వ్యక్తి సొంత అన్నదమ్ముడు కావచ్చునన్న వాదన వస్తే లెక్క మారుతుంది. సోదరుడు బిడ్డకు ఇచ్చేది ఈ యుగ్మవికల్పపు ప్రతియే అయ్యే అవకాశం 0.25, రెండవ దాని ప్రతి అయ్యే అవకాశం 0.25, రెండూ కాకుండా వేరొక మూలం నుంచి వచ్చిందయ్యే అవకాశం 0.5. ఈ చివరి సందర్భంలోనూ పదింట ఒకసారి అదే యుగ్మవికల్పం కావచ్చు. మొత్తం 0.25 + 0.05 = 0.30. ఇప్పుడు నిష్పత్తి 0.5ను 0.3తో భాగిస్తే సుమారు 1.67 మాత్రమే. ఇటువంటి పదిహేను స్థానాలను గుణిస్తే మొదటి లెక్కలో దాదాపు 3,050 కోట్లు వస్తుంది. రెండవ లెక్కలో సుమారు 2,100 వస్తుంది. ప్రయోగం ఒకటే, శిఖరాలు ఒకటే. ఏ ప్రశ్నకు సమాధానం చెబుతున్నామన్నదే మారింది.

ఇటువంటి సందేహం వచ్చినప్పుడు మగవారిలో మాత్రమే ఉండే వై క్రోమోజోమును పరీక్షిస్తే చాలునని కొందరు భావిస్తారు. అన్నదమ్ములకు, వారి తండ్రికి, పెదనాన్న చిన్నాన్నల కొడుకులకు వై క్రోమోజోము సాధారణంగా ఒకటే కాబట్టి అది వారి మధ్య తేడా చూపదు. మరిన్ని స్థానాలను పరీక్షించడం, వీలైతే ఆ సోదరుడి నమూనానూ కోరడం సరైన మార్గం. దంపతులే పరస్పరం మేనరికపు బంధువులైనప్పుడు, లేదా అగ్నిప్రమాదంలో ఒకే కుటుంబానికి చెందిన పలువురు మరణించినప్పుడు లెక్క మరింత జటిలమవుతుంది. కిట్టు వెంట వచ్చే సూచనల పుస్తకంలో మేనరికం గురించి ఉండదు. ఆ ప్రశ్నను ముందుగా అడగాలని తెలిసినవాడే తెలుగునాట అర్హుడైన విశ్లేషకుడు.

8. సాఫ్ట్‌వేర్ ఇచ్చే సమాధానం, శాస్త్రజ్ఞుడి బాధ్యత

మిశ్రమ నమూనాలను చేతి లెక్కతో విడదీయడం కష్టమైనందువల్ల సంభావ్యతా సూత్రాలపై పనిచేసే ఎస్‌టిఆర్‌మిక్స్, ట్రూఅల్లీల్ వంటి సాఫ్ట్‌వేర్లు అనేక దేశాలలో వాడుకలోకి వచ్చాయి. ఐటీ కారిడార్‌కూ ఫోరెన్సిక్ ప్రయోగశాలకూ వారధి ఇక్కడే ఏర్పడుతుంది. గచ్చిబౌలిలో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్, హైదరాబాదు విశ్వవిద్యాలయం, వాటి చుట్టూ వందలాది సాఫ్ట్‌వేర్ సంస్థలు ఉన్నాయి. జీవసమాచార శాస్త్రం చదివిన యువతకు ఇది సహజమైన ఉపాధి క్షేత్రం.

అయితే ప్రోగ్రాము రాయగలిగినవాడు దాని ఫలితానికి న్యాయస్థానంలో జవాబుదారీ వహించలేడు. ఫలితాన్ని న్యాయస్థానంలో చెప్పేవాడికి ప్రోగ్రాము అంతరంగం తెలియకపోవచ్చు. 2021లో అమెరికాలోని న్యూజెర్సీ అప్పీలు న్యాయస్థానం ఒక హత్య కేసులో ట్రూఅల్లీల్ మూల కోడ్‌ను పరిశీలించే అవకాశం ప్రతివాదికి ఇవ్వాలని తీర్పు చెప్పడానికి ఈ అంతరమే కారణం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నిష్పత్తి ఏ ఊహలపై ఆధారపడిందో, ఎందరు వ్యక్తుల మిశ్రమమని ముందుగా చెప్పారో, ఏ జనాభా పట్టికను వాడారో వివరించలేని విశ్లేషకుడు ఆ అంకెకు వాహకుడే తప్ప నిపుణుడు కాడు.

9. సాక్షి స్థానంలో శాస్త్రజ్ఞుడు

నిపుణుడి చివరి అర్హత మాటలో తెలుస్తుంది. ఒక డిఎన్ఏ నమూనా కోటిమందిలో ఒకరికి మాత్రమే సరిపోతుందని చెప్పడం వేరు, నిందితుడు నిర్దోషి అయ్యే అవకాశం కోటిలో ఒకటని చెప్పడం వేరు. మొదటిది శాస్త్రజ్ఞుడు చెప్పవలసిన మాట. రెండవది న్యాయస్థానం ఇతర సాక్ష్యాలన్నీ చూసి నిర్ణయించవలసిన విషయం. 1996లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం డొహెనీ కేసులో ఈ హద్దును స్పష్టంగా గీసింది. సరిపోలిన డిఎన్ఏ అక్కడికి ఎలా వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో పరీక్ష చెప్పదన్న సంగతిని కూడా నిపుణుడు అడగకముందే చెప్పగలగాలి.

ప్రముఖుల విషయంలోనూ ఈ నిగ్రహం అవసరం. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన ఎన్.డి. తివారీపై వచ్చిన పితృత్వ దావాలో ఢిల్లీ హైకోర్టు ఆదేశం మేరకు 2012 మే నెలలో డెహ్రాడూన్‌లో సేకరించిన రక్త నమూనాను హైదరాబాదులోని సిడిఎఫ్‌డి పరీక్షించింది. జూలై 27న హైకోర్టు ఆ నివేదికను తెరిచి, ఆయనే తండ్రి అని ప్రకటించింది. దేశమంతా చూస్తున్న వ్యవహారంలోనూ ప్రయోగశాల చేసిన పని ఒక్కటే: కోర్టు అడిగిన ప్రశ్నకు మూసిన కవరులో సమాధానం ఇవ్వడం. బహిరంగంగా మాట్లాడే పనిని న్యాయస్థానానికి వదిలివేయడం కూడా వృత్తి నైపుణ్యంలో భాగమే.

10. విశ్వవిద్యాలయాల పాత్ర

భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 176వ సెక్షను ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలాన్ని సందర్శించాలని నిర్దేశిస్తోంది. దీనితో నమూనాల సంఖ్య, వాటితోపాటు విశ్లేషకుల అవసరం పెరగడం అనివార్యం. 2020లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ఒక సబ్జెక్టుగా ఉంది. వృత్తి సామర్థ్యాన్ని కొలిచే ఫ్యాక్ట్ పరీక్ష కూడా జరుగుతోంది. ఇవన్నీ స్వాగతించదగినవి. అయితే ఫోరెన్సిక్ సైన్స్ పాఠ్యప్రణాళికలో విద్యార్థి తుపాకి గుండ్ల నుంచి చేతిరాత వరకు అన్నిటినీ స్పృశిస్తాడు. జన్యుశాస్త్రానికి దక్కే సమయం తక్కువ. జన్యుశాస్త్రం, జీవరసాయన శాస్త్రం చదివిన విద్యార్థికి సాక్ష్య చట్టం, నమూనాల భద్రత గురించి ఏమీ తెలియదు. ఇద్దరికీ సాధారణంగా లోపించేది గణాంకశాస్త్రం.

కాబట్టి మన విశ్వవిద్యాలయాల జీవశాస్త్ర విభాగాలు మూడు పనులు చేపట్టవచ్చు. మొదటిది, స్నాతకోత్తర స్థాయిలో జనాభా జన్యుశాస్త్రాన్ని తెలుగు ప్రాంతపు వివాహ సంబంధాల ఉదాహరణలతో తప్పనిసరి పాఠ్యాంశం చేయడం. రెండవది, న్యాయ కళాశాలలతో కలిసి నమూనా విచారణలు నిర్వహించి, విద్యార్థి తన లెక్కను ప్రతివాది న్యాయవాది ముందు సమర్థించుకునే అభ్యాసం కల్పించడం. మూడవది, ఈ రంగపు పరిభాషను తెలుగులో స్థిరపరచడం. ట్రయల్ కోర్టులో సాక్ష్యం వినే నిందితుడికి, బాధితురాలికి, రక్తం ఇచ్చి ఎదురుచూసే తల్లిదండ్రులకు తెలిసిన భాష అదే. సంభావ్యతా నిష్పత్తి అంటే ఏమిటో వారి భాషలో చెప్పలేని నిపుణుడి జ్ఞానం వారికి అందకుండానే పోతుంది.

11. ముగింపు

డిఎన్ఏ గుర్తింపు శాస్త్రజ్ఞుడి అర్హత ఒక పట్టా కాదు, అనేక అంశాల కలయిక అని పై పరిశీలన వల్ల తేలుతోంది. జన్యుశాస్త్రంలో పునాది, గణాంకాలలో పట్టు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ, ఏటేటా బయటివారు పెట్టే పరీక్ష, తన ఫలితపు పరిమితిని తానే చెప్పే నిజాయితీ అందులో భాగాలు. చట్టం వీటిని నిర్దేశించే రోజు వచ్చేవరకు వీటిని నిర్ధారించవలసిన బాధ్యత మూడు చోట్ల ఉంటుంది: నియామకం చేసే ప్రయోగశాలలో, ప్రశ్నించే న్యాయస్థానంలో, తయారుచేసే తరగతి గదిలో.

పాముల క్రోమోజోములతో మొదలై కాలిన బస్సులోని దేహాలకు పేర్లు పెట్టేంత వరకు సాగిన హైదరాబాదు డిఎన్ఏ చరిత్రలో కొత్త సాధనాన్ని సృష్టించిన ఘనత ఉంది. ఆ సాధనాన్ని ఎవరు పట్టుకోవచ్చో నిర్ణయించే ప్రమాణాన్ని కూడా ఈ నగరమే దేశానికి అందించగలదు. పాశమైలారంలో రక్తం ఇచ్చి నిలబడిన తండ్రికి ఆ నివేదికను చదివే శాస్త్రం తెలియకపోవచ్చు. దానిని రాసినవారికి తెలుసునన్న భరోసా పొందే హక్కు మాత్రం ఆయనకు ఉంది.